విత్తనం చేపల కుండ

మా చెరువు పుంగనూరుకూ చౌడేపల్లెకూ మధ్య ఉంది. పేరుకు చెరువే గానీ ఏటా ఎండాకాలంలో అడుగు కనిపించేది. అయినా వానలు పడి నీళ్లు నిలిచాక అందులో కొరమీను తిరిగేది. అది మట్టిలోంచి పుడుతుందని బయటి ఊళ్లవాళ్లు అనుకునేవాళ్లు. నిజానికి అది మా నాయన వల్ల బతికేది.

తొంభైల్లో నేను కళ్లారా చూసింది రాస్తున్నాను. నీళ్లు మోకాటి లోతుకు దిగాక ఊరంతా బుట్టలతో చెరువులో దిగేది. అంతకు ముందురోజు తెల్లవారుజామున నాయన ఒక్కడే దిగేవాడు. తాత నుంచి వచ్చిన పని అది. బురదలో చేతులతో తడిమి, పెద్ద చేపలను నాలుగైదు జతలు పట్టి, మట్టికుండలో వేసి, అవి ఎగిరి దూకకుండా మూతికి తడిగుడ్డ కట్టి, మా మెట్లబావికి మోసుకుపోయేవాడు. వాటిని విత్తనం చేపలనేవాళ్లం. ఎంత ఆకలైనా విత్తనం వేరుశెనగను ఎవరూ వేయించుకోరు కదా, ఆ బావిలోనూ ఎవరూ గాలం వేసేవాళ్లు కాదు. చెరువులో కొత్తనీళ్లు నిలిచాక వాటిని తిరిగి చెరువులో వదిలేవాళ్లం.

మెట్ల మీద కుండ దించేటప్పుడు ఒకవైపు నేను పట్టుకునేవాణ్ని. లోపల చేప మళ్లితే ఆ బరువు నా ఛాతీకి తెలిసేది. ఇప్పటికీ నీళ్ల బిందె ఎత్తినప్పుడు ఆ కదలిక కోసం ఒక క్షణం ఆగుతాను. రాదు.

మా ఊళ్లో బావుల్లో రాయి పగలగొట్టే తోటాలను కొందరు చెరువులో పేల్చి చేపలు పట్టేవాళ్లు. పెద్దవీ పిల్లవీ అన్నీ తెల్లగా తేలేవి. వాళ్లమీద నేను ఏళ్ల తరబడి అర్జీలు రాశాను. అందులో ఒకటి మా చెరువు సంఘానికి పెద్దగా ఉన్నాయన బామ్మర్ది మీద. సంఘం పెద్ద అప్పట్నుంచీ నన్ను అర్జీలప్ప అని పిలిచాడు. ఊళ్లో సగంమంది అదే పట్టుకున్నారు.

రెండువేలు దాటిన కొత్తలో మదనపల్లెలో ఒక కల్యాణమండపంలో చేపల శాఖవాళ్లు సభ పెట్టారు. మన దేశం ప్రపంచ దేశాలతో కలిసి ప్రకృతిని కాపాడే ఒప్పందాలకు ఒప్పుకుందనీ, చేపల గురించిన మన పాత చట్టాలు వాటికి సరిపోవాలనీ, ముందుగా ఊరి సంఘాలు ఈ మాదిరి నియమాలు పెట్టుకోవాలనీ చెప్పి అచ్చువేసిన కాగితాలు పంచారు. మొదటి నియమం: తోటాలూ విషమూ వాడకూడదు. నా ప్రాణం లేచొచ్చింది. నాలుగోది: గుడ్లు పెట్టే కాలానికి ముందు రెండు నెలలు, ప్రాణమున్న చేపను నీళ్లలోంచి ఎవరూ తీయకూడదు. పెద్ద నదికి అది సరైన మాటే. మాకు ఆ రెండు నెలల్లోనే చెరువు ఎండుతుంది.

మూడుసార్లు చెయ్యెత్తాను. మూడోసారికి మైకు ఇచ్చారు. నాయన కుండ సంగతి మొదలుపెట్టానో లేదో, వేదిక మీది వక్త, "పెద్దాయనా, ప్రతి ఊరికీ ఒక చట్టం రాయలేం," అన్నాడు. అప్పటికి నాకు నలభై కూడా లేవు. మైకు వెనక్కి తీసుకున్నారు. తర్వాత టీ పంచారు. నా ముందు వరుసకూ, నా వెనక వరుసకూ ఇచ్చారు.

ఊరికి వచ్చాక మా సంఘం ఆ కాగితాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఒప్పుకుంది. కింద మొదటి సంతకం నాదే. తోటాలు ఆగితే చాలనుకున్నాను. నాయన కుండను చేపల వేట అని ఎవరంటారులే అనుకున్నాను.

ఆ ఎండాకాలం నాయన కుండ భుజానికెత్తుకుని కట్ట ఎక్కుతుంటే సంఘం పెద్ద అడ్డం నిలబడ్డాడు.

"ఏమప్పా అర్జీలప్పా, మీ నాయన కుండలో ఏముండాది?"

"నీకు తెల్దా? సిన్నప్పట్నించీ సూస్తానే ఉండావు గదా. ఇత్తనం చేపలు."

"బతికిండే చేప నీళ్లు దాటగూడదంట. కింద మొదటి సంతకం ఎవురిది?"

"నాదే. తోటాలు ఆపేదానికి పెట్నా. మా నాయన్ని ఆపేదానికి కాదు."

"తోటాకో చట్టం, మీ నాయనకో చట్టమా? ఊరికంతా ఒకటే గదప్పా!"

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పుడడిగినా చెప్పగలను.

నాయన నవ్వలేదు, పోట్లాడలేదు. "యాలప్పా గొడవ," అని నాతో అని, వెనక్కి దిగి, గుడ్డ విప్పి, మిగిలిన నీటిగుంటలో కుండను మెల్లగా పక్కకు వంచాడు.

ఆ ఏడు ఊరు కూడా చెరువులో దిగలేదు. కాపలా పెట్టి మరీ చేపలను కాపాడారు. గుంట రోజురోజుకూ చిన్నదైంది. కొంగలకు ఏ నియమమూ లేదు. కొరమీను గాలి పీల్చి బురదలో కొన్నాళ్లు బతుకుతుంది. వాన అంతకంటే ఆలస్యంగా వచ్చింది. బురద పగుళ్లిచ్చాక ఊరివైపు గాలి వీస్తే ముక్కు మూసుకున్నాం. సభ పెట్టినవాళ్లకు అర్జీ రాశాను: చెరువు ఎండే ఊళ్లలో విత్తనం చేపలను బావికి మోయడం నేరం కాదని ఒక్క వాక్యం చేర్చండి అని. అర్జీ అందిందని జవాబు వచ్చింది. అప్పటికి చెరువు నిండి ఉంది. అందులో కొరమీను లేదు. ఈరోజుకీ లేదు.

మా చెల్లెల్ని కుప్పం దగ్గర ఇచ్చాం. వాళ్ల బావిలో కొరమీను ఉందని తెలిసి, నాయన ఒక జత తెమ్మన్నాడు. బిందె, తడిగుడ్డ పట్టుకుని పలమనేరులో బస్సు మారి పోయాను. వల కర్ర పట్టుకుని మెట్లు దిగితే, నీళ్లమీద ఎర్రటి మరక ఒకటి కదులుతోంది. వందల కొరమీను పిల్లలు; కాస్త పెరిగేదాకా అవి ఎర్రగానే ఉంటాయి. వాటి కిందే తల్లి, నల్లగా.

"పట్టుకో బావా," అన్నాడు చెల్లెలి మొగుడు పైనుంచి. "ఈడ నీ సంతకమేమీ లేదులే!"

"నువ్వు ఊరుకో," అని చెల్లెలు ఆయన్ను కసిరి, "అన్నా, తల్లిని తీస్తే పిల్లల్ని కప్పలు మింగేస్తాయి. నెలాగి రా," అంది.

నన్నాపడానికి అక్కడ ఏ కాగితమూ లేదు. చివరి బస్సుకు ఖాళీ బిందెతో వచ్చేశాను. నెల తిరగకముందే ఆ బావిలో ఎవరో తోటా పేల్చారని చెల్లెలు ఫోన్ చేసింది. నాకు మాత్రం బిందెతో తిరిగొచ్చిన ఆ రోజే ఎక్కువ గుర్తొస్తుంది.

ఆ రాత్రి నాయన ఖాళీ బిందెలోకి తొంగిచూశాడు. పిల్లల సంగతి చెప్పాను.

"ఎరుపు ఇంకా పోలేదా?"

"పోలేదు నాయనా."

"తల్లి నిన్ను సూసిందా?"

"పైకొచ్చి వల కర్రను కొట్టింది."

నాయన నవ్వాడు. "కొడ్తాది మల్ల! కొట్టకుండా ఉంటాదా!"

కంచంలో అన్నం చల్లారిపోతోంది. తినడానికి ఆయన ఇంకా చెయ్యి కడుక్కోలేదు.

"తండ్రి చేప యాడుండాది? సూడలేదా? సరే, మల్లా మొదట్నించీ సెప్పు," అన్నాడు.