సీతారావమ్మగారి కోకో ఉండలు

1957లో నేను జగ్గయ్యపేట ప్రసూతి కేంద్రంలో మిడ్‌వైఫ్‌ని. కేంద్రమంటే రెండు గదులు, మూడు మంచాలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, తాళం సరిగా పడని బీరువా. కాన్పులు ఎక్కువగా ఇళ్లలోనే జరిగేవి కనుక నా ఉద్యోగంలో సగం ఎడ్లబళ్ల మీదే గడిచింది. మీకు బాగా గుర్తున్న కాన్పు ఏదని అడిగేవాళ్లు, కవలల కథో అడ్డం తిరిగిన బిడ్డ కథో చెబుతానని ఎదురుచూస్తారు. నాకు బాగా గుర్తున్నది ఒక సుఖప్రసవం. ఆ బిడ్డను ప్రసవం దాకా తీసుకురావడమే గగనమైంది.

ఆ ఏడు కార్తీకమాసం చివర్లో, ముక్త్యాల దారిలో ఉన్న ఒక పల్లె నుంచి రంగారావు అనే రైతు బండి కట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "మా ఇంటిదానికి మంచినీళ్లు కూడా నిలవట్లేదండి నర్సమ్మగారూ. ఇంతకుముందు రెండు కడుపులు పోయినయ్యి. ఈసారి మనిషే దక్కదేమోనని భయంగా ఉందండి" అన్నాడు. నా బ్యాగు తీసుకుని బండెక్కాను.

అతని భార్య రాజ్యలక్ష్మి. ఇంట్లో అందరికీ రాజ్యం. ఇరవై ఏళ్లు నిండని పిల్ల, పచ్చటి చాయ. పుట్టింట తల్లి లేదు కాబట్టి పురుడైనా ఏదైనా అత్తవారింట్లోనే. మూడో నెల వెళ్లింది. కళ్లు గుంటలు పడ్డాయి, పెదవులు పగిలిపోయాయి. నోటి దగ్గర వంగి చూస్తే బాగా మగ్గిన పండు లాంటి తియ్యటి వాసన వచ్చింది. దాన్ని మేం అసిటోన్ వాసన అంటాం. తిండి అందని ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుని బతుకుతున్నప్పుడు వస్తుంది. వేవిళ్లు లేని ఆడది ఉండదు కానీ, ఇలా ప్రాణం మీదికి తెచ్చేవాటిని హైపర్‌ఎమెసిస్ అంటారు.

మంచం పక్కన అత్తగారు సీతారావమ్మగారు నిలబడి ఉన్నారు. ఎత్తుగా, నల్లగా, నిటారుగా ఉండే మనిషి. చేతిలో వెండి గ్లాసు, దాన్నిండా కుంకుమపువ్వు వేసిన పాలు.

"రోజూ మూడు పూటలా పోస్తన్నా. ఎంత కక్కినా లోపల కాసిన్నన్నా మిగలవా?" అన్నారు.

పాల వాసనకే రాజ్యం మొహం గోడవైపు తిప్పుకుంది.

"ముందు ఆ పాలు ఆపండమ్మా."

"ఆపితే పిల్ల రంగు?"

నా నోరు మంచిది కాదని జగ్గయ్యపేటలో అప్పటికే పేరుంది. "పిల్లంటూ ఉంటే కదమ్మా రంగు" అనేశాను. ఆవిడ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆ పూటే రాజ్యాన్ని నందిగామ ఆస్పత్రికి తీసుకెళ్లాం. సెలైన్ ఎక్కించారు. సెలైన్ అంటే ఉప్పునీరు, నోటి ద్వారా నిలవని నీటిని నరంలోంచి పంపడం. దానితో మొహం కాస్త తేటపడింది కానీ, ఆస్పత్రి ఫినాయిలు వాసనకి వాంతులు మళ్లీ మొదలయ్యాయి. డాక్టరుగారు నెమ్మదైన మనిషి. నన్నూ రంగారావునూ వరండాలోకి పిలిచి, "ఇంటికి తీసుకెళ్లండి. ఒక్క వారం చూస్తాను. యూరిన్‌లో అసిటోన్ తగ్గకపోతే కడుపు తీసెయ్యక తప్పదు. ఆలస్యమైతే తల్లి కూడా దక్కదు" అన్నారు. రాజ్యం వినలేదనుకున్నాను. తిరుగు ప్రయాణంలో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న పిల్ల, "దీన్ని కూడా తీసేస్తారాండీ?" అని అడిగింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు చూడటానికి వెళ్తే మంచం కింద నలిగిన ఆకులు కనిపించాయి. వాసన చూస్తే నారింజ. పెరట్లో చెట్టుంది, కాయలు రంగు తిరుగుతున్నాయి.

"ఈ వాసనొక్కటే పడతందండి. ఇది చూస్తన్నంతసేపూ కడుపులో తిప్పదు" అంది రాజ్యం.

నేను మిషన్ ఆస్పత్రిలో ట్రైనింగు అయ్యే రోజుల్లో, క్రిస్మస్‌కి మా సిస్టర్ చిన్నచిన్న చాక్లెట్ ఉండలు చేసేవారు. ట్రఫుల్స్ అంటారు వాటిని. మీగడలో కోకో, పంచదార ఉడికించి, నారింజ తొక్క కోరి కలిపేవారు. నోట్లో వేసుకుంటే ముందు చేదు, తర్వాత తీపి, ఆ వెనక నారింజ ఘాటు. పండగ దగ్గర పడుతోందని బెజవాడ నుంచి తెప్పించుకున్న కోకో డబ్బా నా దగ్గర ఉంది. వేవిళ్ల మనిషికి కొవ్వు పదార్థాలు పెట్టకూడదని మా పుస్తకంలో రాసి ఉంటుంది. అయితే పుస్తకం పెట్టమన్నవన్నీ అప్పటికే వాంతయిపోయాయి. డాక్టరుగారికి కబురు చేస్తే, ఏది నిలిస్తే అది పెట్టమన్నారు. నేను చేసింది ఆ ఇంట్లో తింటారా అన్న సందేహం నాకు లేకపోలేదు. నేను ఏ వాడ పిల్లనో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. కానీ గుక్కెడు నీళ్లు నిలవని పిల్లకి ఇంకా పట్టింపులేమిటి అనుకుని, నాలుగు కాయలు కోయించుకుని వెళ్లి ఆ సాయంత్రమే చేశాను.

పొద్దున్నే తీసుకెళ్లి, రేగుపండంత ఉండ ఒకటి రాజ్యం నోట్లో పెట్టాను. "మింగొద్దమ్మా. దాని మానాన దాన్ని కరగనివ్వు" అన్నాను. ఆ పిల్ల కళ్లు మూసుకుంది. రంగారావు ఎప్పటిలా వాంతికని తట్ట పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఉండ కరిగింది. మేం చూస్తూనే ఉన్నాం, తట్ట అవసరం పడలేదు. ఇంకొకటి పెట్టాను. ఆ తర్వాత రెండు చెంచాల సగ్గుబియ్యం జావ పోస్తే అదీ నిలిచింది. రంగారావు తట్ట కింద పెట్టేసి, గుమ్మంలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మిగిలినవి సీసాలో పెట్టి ఇచ్చి, తెల్లవారగానే తల ఎత్తకముందే ఒకటి నోట్లో వెయ్యమని చెప్పి వచ్చాను. మర్నాడు పేటలో ఒక కాన్పు వచ్చి వెళ్లలేకపోయాను. ఆ మర్నాడు వెళ్తే కథ మళ్లీ మొదటికి వచ్చింది. రాజ్యం గోడవైపు తిరిగి పడుకుంది. తట్ట నిండి ఉంది. సీసా కోసం చూస్తే పెరట్లో కోళ్లగూడు పక్కన ఖాళీగా దొర్లుతోంది.

"నేనే పారబోశా. అంత నల్లటిదాన్ని కడుపుతో ఉన్న పిల్లకి పెడతారా ఎవరన్నా? నేరేడుపళ్లే దగ్గరికి రానియ్యమే" అన్నారు సీతారావమ్మగారు.

నల్లటివి తింటే నల్లపిల్ల పుడుతుందన్న మాట నాకు కొత్త కాదు. వందిళ్లలో విన్నాను, నవ్వేసి ఊరుకున్నాను. ఆ రోజు నవ్వు రాలేదు.

"డాక్టరుగారు పెట్టిన గడువు ఎప్పటికో తెలుసా మీకు?"

"తెలుసు."

"తీసేస్తారని తెలిసే పారబోశారా?"

ఆవిడ అరవలేదు. బావి చప్టా మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నారు.

"ఈ ఇంటికి కాపరానికొచ్చేటప్పటికి నాకు పధ్నాలుగేళ్లు. చుట్టాలొస్తే మా అత్త నన్ను ధాన్యం గదిలోకి పంపేది. కాకిని దాచానర్రా అని నవ్వేది. సరే, పడ్డా. తర్వాత నాకు ఆడపిల్ల పుట్టింది. అచ్చం నా పోలికే. మా అత్త పురిటిగదిలోకి తొంగిచూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఏడాది నిండకుండానే జరమొచ్చి పోయింది నా తల్లి. ఉన్నన్నాళ్లూ ఈ ఇంట్లో నేను తప్ప ఎవురూ దాన్ని ఎత్తుకోలా నర్సమ్మా. పిల్ల చేతులు చాచేది, వాళ్లు పక్కనించి నడిచిపొయ్యేవోళ్లు." చెంగుతో మొహం తుడుచుకుని, "రంగు కోసం కాదు నా ఏడుపు. ఇంకో పిల్ల చేతులు చాచి ఊరికే ఉండటం నేను చూళ్లేను" అన్నారు.

అంతదాకా ఆవిణ్ణి నాలుగు దులుపుదామనే కూర్చున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆ అత్త ఇప్పుడు లేదు కదమ్మా. ఈ ఇంట్లో అత్త మీరే" అన్నాను.

ఆవిడ లేచి, బావిలో నీళ్లు తోడుకుని, మోచేతుల దాకా కడుక్కున్నారు.

"ఆ పొడుం ఇంకా ఉందా నీ దగ్గర?"

బ్యాగులో డబ్బా ఉంది. నేను వంటింటి గడప బయట పీట వేసుకుని చెప్పడం, ఆవిడ లోపల చెయ్యడం అని మొదలుపెట్టాం. రెండు మాటలు చెప్పానో లేదో, "అక్కణ్ణించి చెప్తే నాకేం అర్థవవుద్ది? లోపలికి రా" అన్నారు. గడప దాటి పొయ్యి పక్కన కూర్చున్నాను.

గేదెపాల మీగడ మందపాటి గిన్నెలో వేసి, నిప్పులు పక్కకి లాగి సన్నసెగ మీద పెట్టించాను. మీగడ పొంగకూడదు, అంచుల్లో చిటపటమంటే చాలు. అందులో దంచిన పంచదార, జల్లించిన కోకో వేసి కలుపుతూ ఉంటే గరిటెకి అంటుకునేంత చిక్కబడుతుంది. దించి కాస్త వెన్న వెయ్యాలి. కాస్త వేడి తగ్గాక నారింజ తొక్క కోరి వెయ్యాలి, అదీ పైనున్న పసుపు పొర మాత్రమే. కింది తెల్లది పడితే వట్టి చేదు. వేడివేడిగా ఉన్నప్పుడు వేస్తే వాసన ఎగిరిపోతుంది. చల్లబెట్టడానికి మా మిషన్ ఆస్పత్రిలో ఐసు పెట్టె ఉండేది, ఇక్కడ ఎలాగా అని నేను ఆలోచిస్తుండగానే ఆవిడ గిన్నె తీసుకెళ్లి నీళ్లకుండ కింద తడి ఇసుకలో కూరేశారు. గట్టిపడ్డాక చేతికి వెన్న రాసుకుని ఉండలు చుట్టి, కోకోలో దొర్లించాం. సున్నుండలు చుట్టిన చెయ్యి కదా, అన్నీ ఒకే కొలతగా వచ్చాయి.

పళ్లెం వంక చూసి, "మేకపెంటికల్లా ఉన్నయ్యే" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వారు. నేను ఆ ఇంట్లో ఆవిడ నవ్వు వినడం అదే మొదటిసారి.

ఆ మర్నాటి నుంచి తెల్లవారకముందే కోడలి మంచం దగ్గర కూర్చుని, ఆ పిల్ల తల తన మోకాలి మీద పెట్టుకుని, ఉండ నోట్లో వేసి కరిగేదాకా కదలనిచ్చేవారు కాదట. తర్వాత జావ, ఆ తర్వాత అటుకులు, నెమ్మదిగా మెత్తటి అన్నం. డాక్టరుగారు పెట్టిన గడువునాడు నందిగామ తీసుకెళ్లాం. అసిటోన్ ఉంటే పరీక్షలో గాజుగొట్టం ఊదారంగు తిరుగుతుంది. తిరిగింది గానీ బాగా పలచగా తిరిగింది. డాక్టరుగారు గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూసి, "ఇంకో వారం ఆగుదాం" అన్నారు. ఆ వారం తర్వాత రంగే తిరగలేదు. నెల తిరిగేసరికి రాజ్యం ఆవకాయ అడిగింది.

వైశాఖంలో ఆ ఇంట్లోనే పురుడు పోశాను. ఆడపిల్ల. కేక పెట్టిన తీరుకే వీధి అరుగు మీది మగవాళ్లు లేచి నిలబడ్డారు. స్నానం చేయించి పాత నేతచీర ముక్కలో చుడుతుండగా, కాన్పు చూడటానికి వచ్చిన సీతారావమ్మగారి పెద్ద ఆడబిడ్డ ముందుకు వంగి బిడ్డ చెవి అంచు తిప్పి చూసింది. పుట్టగానే పిల్లలందరూ ఎర్రగానే ఉంటారు, అసలు రంగు చెవి అంచుల్లో తెలుస్తుందని పెద్దవాళ్లు చూస్తారు.

"హవ్వ, నేరేడుపండే. తల్లి అంత పచ్చగా ఉండి ఏం లాభం" అంది.

మంచం మీద రాజ్యం దుప్పటి అంచు గట్టిగా పట్టుకుని అత్తగారి వంక చూస్తోంది.

"ఇటియ్యి నర్సమ్మా" అని సీతారావమ్మగారు రెండు చేతులూ చాచారు.

ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని, ఆ చెవి అంచునే తిప్పి చూసి, అక్కడే ముద్దు పెట్టుకున్నారు. "నా రంగే" అన్నారు. తర్వాత తల ఎత్తి, "చూడటం అయింది గదా వదినా. ఎండనపడి వచ్చావు, పోయి మజ్జిగ తాగి పడుకో" అన్నారు. ఆ పూట బిడ్డ పాలకేడ్చిన ఒక్కసారి తప్ప ఆవిడ ఒళ్లోంచి దిగలేదు. చంటిదాన్ని అలా పట్టుకుని చప్పుడు లేకుండా ఏడుస్తూనే ఉన్నారు. రాజ్యం పడుకునే చెయ్యి చాపి ఆవిడ మోకాలు పట్టుకుంది. బొడ్డు చుట్టూ కట్టే గుడ్డ మడతపెట్టే నెపంతో నేనూ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

మా ట్రైనింగులో తల్లిని చూడమన్నారు, బిడ్డను చూడమన్నారు. అత్తగారిని చూడమని ఎవరూ చెప్పలేదు. ఆ కాన్పు తర్వాత నేను ఏ ఇంటికి వెళ్లినా, బ్యాగు తెరవకముందే అత్తగారిని పక్కకి పిలిచి, మీ మొదటి కాన్పు ఎలా జరిగిందమ్మా అని అడిగేదాన్ని. కొందరు ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు. కొందరు మొదలుపెట్టి, పొయ్యి మీద నీళ్లు మరిగి సగమయ్యేదాకా చెప్పేవాళ్లు. ఆ మాట తమను అంతకుముందు ఎవరూ అడగలేదని వాళ్లలో చాలామంది నాతో అన్నారు.