కొండమీది తెల్లగోడ

మిట్టమధ్యాహ్నం కొండెక్కాం. వీపున రేడియో సెట్టు, నీళ్ళ డబ్బా, మమ్మల్ని కప్పి దాచే ఆకుపచ్చ వల చుట్ట. రక్షిత అడవి కాబట్టి కొమ్మ కొట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు. ఉన్నన్నాళ్ళూ అటుకులూ బెల్లమే. ఆ రుచి ఇప్పుడు ఏ పెళ్ళిభోజనంలోనూ లేదంటే మా ఆవిడ నవ్వుతుంది.

పైన పాడుబడ్డ పాత గుడి. కప్పు లేదు, దేవుడూ లేడు. సముద్రం వైపు గోడ మాత్రం తెల్లగా నిలబడి ఉంది. మా బోగోలు వైపు జాలర్లు ఏటా వేటకు ముందు వచ్చి దానికి సున్నం కొడతారు. సముద్రంలోంచి చూస్తే ఇక్కడి కొండలన్నీ ఒక్కలాగే ఉంటాయి. తెల్లగోడను బట్టే పడవలు మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, కనుక్కుంటాయి. మొగ తప్పితే ఇసుకమేట దగ్గర అలలు పడవను బోర్లా వేస్తాయి.

మేం చేసేది యుద్ధం కాదు, సైనిక విన్యాసాలు. అవతలి దళం కంటబడకుండా రేడియో నడపాలి. కనబడితే చచ్చినట్టే లెక్క.

మూడోరోజు కిందికెళ్ళి నీళ్ళు తెచ్చేసరికి గోడ లేదు! మా సుబేదారు దానిమీద వల కప్పించాడు.

"ఎవరో సున్నం కొట్టినారబ్బయ్యా. ఊరందరికీ కనబడతా ఉండాది. ఇప్పుడు చూడు!" అన్నాడు మురిసిపోతూ.

"కనబడాలనే కొట్టినారు సాబ్."

చినుకులు, ఆగ్నేయం గాలి. దుర్భిణి ఆయన చేతికిచ్చాను. పడవలు ఒడ్డుకు రాకుండా అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"మా అక్క మొగుడు వాటిల్లోనే ఉన్నాడు సాబ్."

ఆయన చాలాసేపు చూశాడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారి గూడా గెలవలా నేను. రిటైరయ్యేలోపల గెలుద్దామనుకున్నా," అన్నాడు. తర్వాత కత్తి తీసి వల తాళ్ళు తనే కోశాడు.

కాసేపటికే రేడియో పలికింది. "గోడ మీంచి వల జారింది, కొండ పోస్టు కనబడింది. మీరంతా చచ్చినారు. ఓవర్."

మా ఆపరేటరూ ఈ తీరం వాడే, అల్లూరు. "చచ్చినాం సార్. శానా సంతోషం. ఓవర్," అన్నాడు.

ఓడిపోయి దిగి వచ్చాం. సెలవులో ఇంటికెళితే బావ చేపల పులుసు వడ్డిస్తూ అడిగాడు. "ఆ పొద్దు కొండ యాడికి పోయిందిరా?"

నా కళ్ళముందు ఒకటే కదులుతోంది, ఇప్పటికీ అదే: చినుకుల్లో పడవలు ఒకదాని వెనక ఒకటి మొగ వైపు తిరుగుతున్నాయి. చచ్చిపోయిన సుబేదారు గోడ పక్కన నిలబడి, వాళ్ళకు కనబడదని తెలిసీ, టోపీ ఊపుతూనే ఉన్నాడు.