వెనక్కి పిలిచిన మైకు

ఆ రోజుల్లో విశాఖ విమానాశ్రయమంటే ఒక చిన్న హాలు, నాలుగు ఫ్యాన్లు, ఒక మైకు. రన్‌వే నౌకాదళానిది. వాళ్లిచ్చిన వేళ దాటకూడదు కాబట్టి మా విమానాలు ఎవరి కోసమూ ఆగేవి కావు. ప్రయాణికులు ఎండలో నడిచి వెళ్లి మెట్లెక్కేవారు. ఆ మైకు దగ్గర నేను. ఉద్యోగం చిన్నదే గానీ, విమానాలను నేనే గాల్లోకి లేపుతున్నట్టు ఉండేది నా గొంతు (ఒకసారి టేపులో విని నేనే చెవులు మూసుకున్నాను, అది వేరే సంగతి). ఇప్పుడు విమానాలన్నీ భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి వెళ్లిపోతాయంటున్నారు. అవి వెళ్లేలోగా, నేను పుట్టించిన ఒక అబద్ధాన్ని సరిదిద్దాలి.

మా అమ్మ తమ్ముడు, మా మావ, భీమిలిలో సముద్రం మీద చేపల వేట చేసేవాడు. చెన్నైలో ఉండే ఆయన అన్న, మా పెద్దమావ, చివరి ఘడియల్లో ఉన్నాడని కబురొచ్చింది. రైలుకు వ్యవధి లేదు. నేనే విమానం టికెట్టు తీశాను. తెల్ల పంచె కట్టుకుని మావ మెట్ల వైపు నడుస్తున్నాడు. మా ఇంట్లో మొట్టమొదట విమానమెక్కుతున్న మనిషి. ఆయన పేరు మైకులో ఒక్కసారి మోగాలనిపించింది. ఏ అవసరమూ లేకుండా, ఇంటిపేరుతో సహా పిలిచాను.

మావ ఆగాడు. వెనుదిరిగి హాల్లోకి వచ్చేశాడు.

"ఏటిరా పిలిసినావు?"

"ఏటీ లేదు మావా, ఊరికే. ఎల్లు, ఎల్లు."

"ఎనక్కి పిలిసేసి ఎల్లంటావేటి? మంచినీల్లు అట్టుకురా" అని కుర్చీలో కూర్చున్నాడు.

వేటకు బయలుదేరినవాణ్ణి ఎవరైనా వెనక నుంచి పిలిస్తే, కాసేపు కూర్చుని నీళ్లు తాగితే గాని మా వాళ్లు మళ్లీ అడుగు వేయరు. అది చూస్తూ పెరిగినవాణ్ణే. మైకు పట్టుకోగానే మర్చిపోయాను.

"మావా, ఇది పడవ కాదు, ఆగదు."

"నాకైతే పర్నేదురా. అక్కడున్నది అన్న కదా. కూకోకుండా ఎల్తే అన్నకేటైనా అయితే?"

నేను నీళ్లు తెచ్చేసరికి మెట్లు లాగేశారు. మావ మర్నాటి విమానానికి వెళ్లాడు. అన్న అప్పటిదాకా ఆగలేదు.

పై అధికారి అడిగితే, "పెద్దాయన భయపడి వెనక్కొచ్చేశారు సార్" అన్నాను. ఆ మాట నాకన్నా ముందే భీమిలి చేరింది. ఏ పెళ్లిలో చూసినా మావను ఎవరో ఒకరు, "బావా, బస్సెక్కుతావా, అదీ బయమేనా?" అనేవారు. అందరూ నవ్వేవారు, అందరికన్నా గట్టిగా నేను (గొంతుంది కదా). మావ తలదించుకుని భోజనం చేసేవాడు.

మొన్న వెళ్లి, "మావా, ఆ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాసేస్తాను" అన్నాను.

"రాసుకో. అప్పుడు నాను సెప్పుంటే నీ ఉద్యోగం పోయేది." మళ్లీ తనే అన్నాడు. "ఇంకెవులైనా పిలిత్తే ఇనపడనట్టు పోదును. నీ గొంతని తిరిగొచ్చినాను."

లేచి వచ్చేశాను. బస్సెక్కబోతుంటే భుజం మీద చెయ్యి పడింది. మావ, ఆయాసపడుతూ, నేను మర్చిపోయిన గొడుగుతో. వాకిట్లోంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది.

"పిలవొచ్చు కదా మావా."

"ఎల్లేవోణ్ణి ఎనక నుంచి పిలుత్తారేటిరా" అని గొడుగు నా చేతిలో పెట్టాడు.

బస్సు కదిలాక, మైకు ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి కొంచెం నవ్వొచ్చింది. అంతలో కండక్టరు ఎక్కడికని అడిగాడు. అంత గొంతున్నవాణ్ణీ, ముందుకి, అన్నట్టు చేత్తో చూపించాను.