మాస్టారి కంప్యూటర్‌లో ఆఖరి యాక్టివేషన్

మాస్టారు పోయారని ధవళేశ్వరం నుంచి, నేను అమ్మగారని పిలిచే ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను రాజమండ్రిలో నా షాపులో ఎవరిదో ల్యాప్‌టాప్ విప్పి కూర్చున్నాను. పొద్దున కాఫీ తాగి పడక్కుర్చీలో వెనక్కి వాలారట. పిలిస్తే పలకలేదట. "కంప్యూటర్ ఇంకా చదువుతూనే ఉంది బాబూ. ఆయన వింటున్నారనే అనుకున్నాను" అన్నారావిడ. ఆ తర్వాత చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు.

చాలామందికి ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పిన మాస్టారు. నాకు స్కూల్లో చెప్పలేదు. ఆయనింటికి నేను కంప్యూటర్లు బాగుచేసేవాడిగా వెళ్ళాను. మీలో ఎవరికైనా ఆయన దగ్గర చదువుకునే అదృష్టం పట్టి ఉంటే నన్ను చూసి నవ్వకండి, నేను కాస్త ఆలస్యంగా చేరిన శిష్యుణ్ణి.

నలభై దాటాక ఆయన చూపు మెల్లమెల్లగా పోయింది. రిటైరయ్యే నాటికి వెలుతురు, నీడ తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా పుస్తకాలు వదల్లేదు. స్కానర్ మీద పుస్తకం బోర్లా పెడితే ఆ పేజీని తెలుగులో పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. దాని గొంతుని ఎంత స్పీడులో పెట్టుకునేవారంటే, మొదటిసారి విన్నప్పుడు స్పీకర్ పాడైందనుకుని వైర్లు పీకి చూశాను. "అది బాగానే ఉందయ్యా, నీ చెవే నెమ్మది" అని నవ్వారు.

ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక మెలిక ఉంది. కంప్యూటర్లో వేసిన ప్రతిసారీ అది ఇంటర్నెట్లో కంపెనీని అడిగి అనుమతి తెచ్చుకోవాలి. దాన్నే యాక్టివేషన్ అంటారు. డబ్బిచ్చి కొన్నవాళ్ళకి అలాంటివి మూడే ఇస్తారు. కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసి అంతా తుడిచేసే ముందు డీయాక్టివేట్ అనే బటన్ నొక్కి విడిపిస్తే ఆ అనుమతి వెనక్కొస్తుంది. విడిపించకపోతే, లేదా మిషన్ దానంతటదే చచ్చిపోతే, అనుమతీ దాంతోనే పోతుంది. మాస్టారికి మొదటిది ఒక వానాకాలం పిడుగు పడి మదర్‌బోర్డుతో సహా పోయింది. రెండోది హార్డ్ డిస్క్ పాడైనప్పుడు పోయింది. గోదావరి పక్క ఇళ్ళల్లో తేమకీ ఉరుములకీ కంప్యూటర్లు ఎన్నాళ్ళు బతుకుతాయో నాకు తెలుసు. మూడు చాలని ఎక్కడో కూర్చుని తేల్చినవాళ్ళకి తెలీదు.

"ఎందుకండీ ఈ అవస్థ? క్రాక్ వేసేస్తాను, ఇంక ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు" అన్నాను. అప్పట్లో నా షాపులో సగం పని అదే.

"ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని కాపీ కొట్టొద్దన్నానయ్యా. ఇప్పుడు నేను మొదలెడితే ఏం బాగుంటుంది?" అన్నారు.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. దొంగ కాపీ వాడేవాడు హాయిగా ఉంటాడు. నిజాయితీగా కొనుక్కున్న మనిషి మాత్రం తన ఇంట్లో తన వస్తువు కోసం ఎవరినో బతిమాలుకోవాలి. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మండుతుంది.

రెండోది పోయాక ఆయనకి ఒక అలవాటు వచ్చింది. నేను పని మొదలెట్టగానే కుర్చీ దగ్గరికి లాక్కుని, సీపీయూ మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవారు. "విడిపించావా?" అని అడిగేవారు. "విడిపించానండీ" అని నేను అనేదాకా ఆ చెయ్యి తీసేవారు కాదు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ చెయ్యి లేకుండా పని చేశాను. వైరస్ పట్టిందని సీపీయూని షాపుకి తెచ్చుకున్నాను. ఆ రోజు షాపు నిండా జనం. ఏది ఎవరిదో చూసుకోకుండా ఫార్మాట్ కొట్టేశాను. తెర మీద గీత సగం దాటాక గుర్తొచ్చింది. అది మూడోది.

ఆ రోజుల్లో ఆయన పిఠాపురంలో ఉన్న ఒకమ్మాయికి ఫోన్లో పాఠాలు చెబుతున్నారు. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు. టీచర్ ఉద్యోగం పరీక్షకి చదువుకుంటోంది. పొద్దునపూట ఈయన కంప్యూటర్ చేత పుస్తకం చదివించుకుని, సాయంత్రం అది ఆమెకి విడమరిచి చెప్పేవారు. పరీక్ష మూడు వారాల్లోకి వచ్చేసింది.

సీపీయూ ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో ధవళేశ్వరం వెళుతూ, దారి పొడుగునా అబద్ధం తయారు చేసుకున్నాను. మళ్ళీ డిస్క్ పోయిందంటే ఆయనకెలా తెలుస్తుంది? గుమ్మంలోనే ఆయన చేతులు చాచి సీపీయూని తడిమారు.

"విడిపించావా?"

"లేదండీ. మర్చిపోయానండీ. తప్పు నాదేనండీ" అన్నాను. తయారు చేసుకున్నది ఒక్క ముక్క నోటికి రాలేదు.

లోపల్నుంచి అమ్మగారు "అయ్యో, ఆ పిల్ల పరీక్షో" అన్నారు.

"తెలుగు చదవడం వచ్చా?" అన్నారు మాస్టారు.

"ఆయ్, వచ్చండి. ఇంటర్ మధ్యలో మానేశానండీ."

"మానేసింది ఇంటరేగా, చదవడం కాదుగా. రేపు పొద్దున్నే రా."

కంపెనీకి ఆయన చెబుతుంటే నేను ఉత్తరం టైపు చేశాను. నేనైతే కడిగి పారేసేవాణ్ణి. ఆయన మూడే ముక్కలు రాయించారు. మీ వస్తువు కొన్నాను, వాడుకోలేకపోతున్నాను, ఒకమ్మాయికి పరీక్ష ఉంది. మర్నాడు జవాబొచ్చింది, మీ పరిమితి అయిపోయింది, కొత్తది కొనుక్కోమని. ఆయన మళ్ళీ అవే మూడు ముక్కలు రాయించారు. అలా రోజూ. పన్నెండో రోజున ఎవరో మనసున్న మనిషి కంటబడినట్టుంది, ఒక్క యాక్టివేషన్ ఇచ్చారు. ఇదే ఆఖరు అని కూడా రాశారు.

ఆ పదకొండు రోజులూ షాపు తెరిచేముందు వెళ్ళి ఆయనకి పుస్తకం చదివాను. మొదటిరోజు నా చదువు వినలేక అమ్మగారు వంటింట్లోంచి నవ్వు ఆపుకోవడం నాకు వినబడింది. తెలీని మాట రాగానే గొంతు దానంతటదే దిగిపోయేది. "తెలీని మాట దగ్గర గొంతు తగ్గించకు, అక్కడే పెంచు. తప్పయితే నేనున్నాగా" అనేవారు మాస్టారు. ఆ ఒక్క మాట మా స్కూల్లో ఎవరైనా చెప్పి ఉంటే నేను చదువు మానేసేవాణ్ణి కాదేమో.

ఆ అమ్మాయి పరీక్ష నెగ్గింది. పిఠాపురంలోనే స్కూల్లో చేరింది. ఆ సంగతి చెప్పడానికి మాస్టారు ఫోన్ చేసి, "నీ గొంతుతో పాసయ్యిందయ్యా" అన్నారు. నా జీవితంలో నేను ఏ పరీక్షా అంత సంతోషంగా పాసవ్వలేదు.

మిషన్ తిరిగి మాట్లాడటం మొదలెట్టాక "ఇంక నేనెందుకండీ?" అని అడిగాను. "అది కామా దగ్గర ఆగుతుంది. నువ్వు కథలో ఎవరికైనా కష్టమొస్తే ఆగుతావు. నాకు రెండూ కావాలి, ఆదివారాలు రా" అన్నారు. అలా ఆదివారాలు వెళ్ళాను. చదివి చదివి ఆగిపోయిన ఇంటర్ కట్టాను, ఆ మీద డిగ్రీ కూడా. షాపులో క్రాకులు వెయ్యడం ఎప్పుడు మానేశానో నాకే తెలీదు. ఆయనెప్పుడూ మానెయ్యమని చెప్పలేదు.

కార్యక్రమాలన్నీ అయ్యాక అమ్మగారు రమ్మన్నారు. తన తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ పిఠాపురం అమ్మాయికి చెందాలని మాస్టారు బతికుండగానే కంపెనీకి రాసి ఒప్పించారు. ఆ ఉత్తరమూ నేనే టైపు చేశాను. ఈ కంప్యూటర్లోంచి విడిపిస్తేనే ఆమెకి వెళుతుంది.

రెండు వారాలుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బయట ముసురు. ప్లగ్గు పీకి గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి స్విచ్ వేశాను. ఇది మొరాయించిందా, ఆఖరిదీ పోయినట్టే. అమ్మగారు కుర్చీ లాక్కుని వచ్చి, సీపీయూ మీద అరచెయ్యి ఆనించారు. ఆవిణ్ణి అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

మిషన్ లేచింది. ఆ గొంతు మాస్టారి స్పీడులో గబగబా ఏదో అంది. ఇన్నేళ్ళయినా నాకు ఆ స్పీడు అందదు.

"నిజంగానే తీసెయ్యాలా అని అడుగుతోంది" అన్నారు అమ్మగారు.

నా వేలు కదల్లేదు. ఆ బటన్ నొక్కితే ఆ ఇంట్లో ఇంక ఆ గొంతు ఉండదు. నాకే అలా ఉంటే, రోజంతా దాన్ని వింటూ వంట చేసుకున్న ఆవిడకి ఎలా ఉంటుందో.

"నొక్కు బాబూ. ఆ పిల్ల అక్కడ పాఠాలు చెప్పుకోవాలి."

నొక్కాను. ఏదో అని ఆగిపోయింది. "ఒకటి వెనక్కి వచ్చిందంటోంది" అన్నారావిడ. తర్వాత నా వైపు తిరిగి, "విడిపించావా?" అన్నారు.

"విడిపించానండీ."

ఆవిడ చెయ్యి తియ్యలేదు.

ఏం చెయ్యాలో తోచక స్కానర్ మూత ఎత్తాను. పుస్తకం బోర్లా అలాగే ఉంది. ఆయన పోయిన పొద్దున మిషన్ చదువుతున్నది ఆ పేజీనే.

"మధ్యలో ఆపేశాను ఆ రోజు" అన్నారు అమ్మగారు. "వరదనీళ్ళు వీధిలోంచి వెనక్కి తీశాయి అన్నదాకా విన్నాను. ఆ తర్వాత ఏమైందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. చదువు."

వేలు పెట్టి వెతుక్కుని ఆ వాక్యం పట్టుకున్నాను. దాని తర్వాతి వాక్యంలో మొదటి మాటే నాకు తెలీనిది. గొంతు పెంచి చదివాను.