ఆమెన్ అక్క

తరగతిలో ఆమెని అందరూ ఆమెన్ అక్క అనేవారు. వయసులో తోటివాళ్ళకన్నా పెద్దది, చంటిపిల్ల తల్లి. చర్చ కాస్త వేడెక్కితే చాలు, "ప్రార్థన చేసుకుందామా?" అని తల వంచేసేది. "అక్కతో పోట్లాడలేం రా బాబూ, దేవుణ్ణి తెచ్చి మధ్యలో కూర్చోబెడుతుంది," అని వాళ్ళు నవ్వితే తనూ నవ్వేది.

ఆ అలవాటు చిన్నప్పటిది. ఇంట్లో నాన్న గొంతు లేవగానే ఆ పిల్ల గది మధ్యలో మోకాళ్ళూని గట్టిగా ప్రార్థన అందుకునేది. ప్రార్థన మధ్యలో ఎవరూ అరవరు కదా. ఆమెన్ అనేసరికి నాన్న చెప్పులు వేసుకుని బయటికి, అమ్మ పొయ్యి దగ్గరికి. గొడవ తీరిపోయిందని పిల్ల అనుకునేది. పెద్దయ్యాక రక్తపరీక్షల ల్యాబులో మైక్రోస్కోపు ముందు కొన్నేళ్ళు పనిచేసింది. ఎదుటివాళ్ళు చెప్పింది రుజువు చూడందే నమ్మేది కాదు గానీ, ప్రార్థనతో గొడవ తీరిపోతుందన్న ఈ ఒక్క నమ్మకాన్ని మాత్రం ఎప్పుడూ పరీక్షకి పెట్టలేదు. పాప పుట్టాక ఉద్యోగం మాని, దంపతులకీ కుటుంబాలకీ క్రైస్తవ దృష్టితో కౌన్సెలింగ్ చేయడం నేర్పే పీజీ కోర్సులో చేరింది. కాపురాలు నిలబెట్టడం తనకి పుట్టుకతో వచ్చిన విద్యే అనుకుంది.

తన కాపురం కింద నేల మాత్రం కొన్ని నెలలుగా జారిపోతోంది. భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తాడు. ఇంటికొచ్చి ముందుగదిలోనే చాప వేసుకుని పడుకుంటున్నాడు. అప్పుడప్పుడు, "నీతో ఒక మాట చెప్పాలి," అని మొదలుపెట్టేవాడు. వెళ్ళిపోతానంటాడేమోనని ఆమె భయపడేది. "ముందు ప్రార్థన చేసుకుందామండీ," అనేది. ఆమెన్ తర్వాత ఆయన ఆ మాట ఎత్తేవాడు కాదు.

కోర్సు రెండో ఏడు నిజమైన దంపతులతో కూర్చుని కౌన్సెలింగ్ చేయాలి. వాళ్ళ ఒప్పుదలతో అంతా వీడియో తీస్తారు. పాఠం చెప్పే మేడమ్ తర్వాత చూసి తప్పులు చూపిస్తుంది. వచ్చినవాళ్ళు కోరితే తప్ప మనంతట మనం ప్రార్థన మొదలుపెట్టకూడదని ఆవిడ మొదట్లోనే చెప్పింది.

ఆమెన్ అక్క దగ్గరికి ఒక వడ్రంగి, అతని భార్య వచ్చారు. భార్య చాలాసేపు కొంగు అంచు మెలిపెడుతూ కూర్చుని, చివరికి, "ఈయన వచ్చే వేళయితే నాకు..." అని ఆగింది. వడ్రంగి తలెత్తి చూశాడు. ఆమెన్ అక్క చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "ప్రార్థనతో ముగిద్దాం," అంది.

తర్వాతి వారం వాళ్ళు రాలేదు. ఫోను ఎత్తలేదు.

మేడమ్ వీడియోని సరిగ్గా అక్కడ ఆపింది. "చూడమ్మా. ఆవిడ నోరు తెరిచింది. నువ్వు కళ్ళు మూసుకున్నావు."

"ఆవిడ ఏడ్చేలా ఉంది మేడమ్..."

"ఏడిస్తే ఏం? ఎవరి భయం తీరాలని చేశావు ఆ ప్రార్థన? ఆవిడదా, నీదా?"

ఆమెన్ అక్క ఆగిపోయిన వీడియో వైపే చూస్తూ, "మళ్ళీ వస్తుందంటారా?" అని అడిగింది.

"కబురు చేస్తూనే ఉంటాను. వస్తుందని మాత్రం చెప్పలేను."

బస్సులో వస్తున్నంతసేపూ ఆ వడ్రంగి భార్య పెదవులే కళ్ళముందు కదిలాయి. ఆ వాక్యం ఎలా పూర్తవుతుందో ఎవరికి తెలుసు? ఆ ఇంట్లో ఇప్పుడేం జరుగుతోందో!

ఇంటికి చేరేసరికి పాప నిద్రపోతోంది. భర్త చాప మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె బ్యాగు కూడా దించకుండా ఎదురుగా కూర్చుంది.

"ఏదో చెప్పాలంటారుగా. చెప్పండి."

"ప్రార్థన అయిపోయిందా మరి?" అన్నాడు ఎత్తిపొడుపుగా.

"చెయ్యను. వింటాను."

ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు.

"పాపని ఎత్తుకుంటే నాకేమీ అనిపించట్లేదు," అన్నాడు. "పుట్టినప్పటినుంచీ అంతే. ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చి వెళ్ళిన పిల్లలా ఉంటుంది. మొన్న షాపుకని బయల్దేరి, బస్సులో చివరి స్టాపు దాకా పోయాను. ఎక్కడికెళ్ళాలో తెలీక వెనక్కొచ్చాను. మీ ఇద్దరికోసం వచ్చానని చెప్పాలనుంది. కానీ అది అబద్ధం."

చదివిన పాఠాలన్నీ ఆవిరైపోయాయి. లేచి అరవాలనిపించింది, పాపని ఎత్తుకుని తలుపేసుకోవాలనిపించింది. ఒక్కసారి తల వంచితే ఇదంతా ఆగిపోతుంది. ఆమె తల వంచలేదు.

"ఇంకా చెప్పండి."

"ఇంకేముంది? రాత్రిళ్ళు నిద్ర రాదు. లేస్తే పని మీదికి చెయ్యి పోదు. నేను మనిషినేనా అనిపిస్తుంది."

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఇద్దరం. వస్తారా?"

"ఏమో. ఇవాళ నన్నేమీ అడగకు."

"మళ్ళీ బస్సెక్కుతారా?" ఆగలేక అడిగేసింది.

"తెలీదు."

నిజమే చెప్పాడు. అబద్ధం చెప్పినా బాగుండుననిపించింది ఆమెకి. లేచి వెళ్ళిపోతాడేమోనని ఆయన కాళ్ళవైపే చూస్తూ కూర్చుంది. ఆయన లేవలేదు. ఆ పూటకి ఆమెకి దక్కింది అంతే.