రెండు కుర్చీల బేరం

మా ఆవిడ పెర్త్‌లో కొన్న మొదటి ఫర్నిచర్ రెండు ప్లాస్టిక్ కుర్చీలు. అవి మా ఇంట్లో లేవు. నది ఒడ్డున స్టేడియంలో, గోల్ స్తంభాల వెనక కాస్త ఎడంగా, వాన పడితే మోకాళ్ళ దాకా తడిసే వరసలో ఉండేవి. అప్పటికి మాకు సోఫా లేదు. నేల మీద పరుపు వేసుకుని పడుకునేవాళ్ళం. ఆస్పత్రిలో తోటి నర్సు ఎవరో ఈవిణ్ణి ఫుటీ అని ఇక్కడివాళ్ళు పిలుచుకునే ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళింది. సాయంత్రం గొంతు పోగొట్టుకుని వచ్చి, సైగలతో అన్నం పెట్టమంది. వారం తిరక్కుండా సీజన్ టికెట్లు రెండు కొనేసింది.

"రెండోది ఎవరికి?" అన్నాను.

"మీకే."

"నాకెందుకు? కోడిగుడ్డు లాంటి బంతి కోసం అంతమంది మగాళ్ళు బురదలో కొట్టుకుంటుంటే నేను చూడాలా?"

"డబ్బు కట్టేశాను," అంది.

ఆ మాటకి లేచాను. మాది చీరాలలో బట్టల కొట్టు. కట్టిన డబ్బుకి సరుకు తెచ్చుకోకపోవడం మా ఇంట్లో తాగుడు కన్నా పెద్ద వ్యసనం. మొదటి ఏడాది డబ్బు దండగ కాకూడదని వెళ్ళాను. రెండో ఏడాది, మన జట్టు ఓడిపోతుంటే చూద్దామని వెళ్ళాను. మూడో ఏడాదికి అంపైర్‌ని తెలుగులో తిడుతున్నాను. పక్క సీటు ముసలావిడ, పాత మైదానం రోజుల నుంచీ ఈ జట్టు వెంట తిరుగుతున్న మనిషి, నా తిట్లకి అర్థం అడిగి తెలుసుకుని రెండు నేర్చుకుంది కూడా. అవి ఇక్కడ రాయను.

మా ఆవిడ సంగతి వేరు. వారమంతా వార్డులో గొంతు తగ్గించి మాట్లాడే ఉద్యోగం. రోగి బతకడని తెలిశాక వాళ్ళ పిల్లలతో ఎలా మాట్లాడాలో తెలిసిన మనిషి. ఇంటికొచ్చాక ఆ గొంతు అలాగే ఉండిపోయేది. ఏమైందంటే ఏమీ లేదనేది. స్టేడియంలో సైరన్ మోగితే మాత్రం లేచి నిలబడి, మెడ నరాలు కనపడేలా అరిచేది. ఆట అయ్యాక రైలెక్కి, తెచ్చుకున్న పులిహోర డబ్బాలో మిగిలింది తింటూ, వారంలో వార్డులో జరిగిందంతా చెప్పేది. నాకు మా ఆవిడ మాటలు వినపడేది ఆ రైల్లోనే. ఆ రెండు కుర్చీలకి నేను కట్టే ధర ఇందుకని నాకు తెలుసు. క్లబ్బుకి తెలియదు. తెలిస్తే దానికీ ఒక రుసుం పెట్టేవాళ్ళు.

ధర పెంచడాన్ని నేను తప్పు పట్టను. మా నాన్న పెంచేవాడు, నూలు ధర పెరిగిందని ముఖం వేలాడేసుకుని చెప్పేవాడు. కొన్నవాడికి ఒక్క తిట్టు తిట్టుకునే అవకాశం ఇచ్చేవాడు. వీళ్ళు అలా కాదు. ఒక ఏడాది ప్లాస్టిక్ కార్డులు ఆపేసి టికెట్ ఫోన్‌లోకి మార్చారు. కార్డు అచ్చువేసే ఖర్చు తగ్గింది కదా, ధర తగ్గుతుందనుకున్నాను. కార్డు లేనందుకు ప్రాసెసింగ్ చార్జీ అని కొత్తది కలిపారు. ఇంకో ఏడాది జట్టు ఆఖరి నుంచి మూడో స్థానంలో చచ్చి, ఆ చావుకి ధర పెంచారు. కొత్తగా చేరినవాడికి టోపీ, మఫ్లరు ఉచితం. పాతవాడికి పెంపు. మా కొట్టులో ఇది తలకిందులు. వాడుక మనిషికి ఒక ధర, దారిన పోయేవాడికి ఒక ధర, వాడుక మనిషిది ఎప్పుడూ తక్కువ. చివర్లో జానెడు గుడ్డ కొసరు కూడా వేసేవాళ్ళం.

పోయిన అక్టోబరులో ఈమెయిల్ వచ్చింది. మా వరస ఇప్పుడు ప్రీమియం అట. కుర్చీ అదే. పైన కప్పు ఎప్పట్లాగే లేదు. వాన అదే కోణంలో పడుతుంది. ఒక ఆఫీసులో ఎవడో మౌస్ పట్టుకుని మ్యాపు మీద గీత కాస్త జరిపాడు, మేం గీతకి అవతల పడ్డాం. ధర చూసి రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఆ డబ్బుతో ఇద్దరం ఇండియా వెళ్ళొస్తే పెద్దగా తక్కువ పడదు. ఏమీ చెయ్యకపోతే బ్యాంకు కార్డు నుంచి వాళ్ళే లాక్కుంటారని కింద చిన్న అక్షరాల్లో రాశారు.

నాకు ఒళ్ళు మండింది. మండినప్పుడు నేను బేరానికి దిగుతాను. ఈ దేశంలో మంచం, కారు, పళ్ళ డాక్టరు, పచ్చగడ్డి కోసేవాడు, ఎవరినీ వదల్లేదు. మేముండే పియారా వాటర్స్ పేటలో మా వీధి తెలుగువాళ్ళు ఏదైనా కొనాలంటే నన్ను వెంటబెట్టుకెళ్తారు, పంతుల్ని పిలిచినట్టు.

బేరానికి ఒక వరస ఉంది. చెప్పిన ధరకి నవ్వాలి. సగం అడగాలి. కొట్టువాడు పెళ్ళాం పిల్లల్ని గుర్తుచేసుకుంటాడు. అప్పుడు చెప్పులేసుకుని మెట్టు దిగాలి. దిగినవాణ్ణి వెనక్కి పిలవడం కొట్టువాడి వంతు. మా నాన్న మనిషిని పక్క కొట్టు గుమ్మం దాకా పోనిచ్చేవాడు, లోపల కాలు పెట్టనిచ్చేవాడు కాదు. వాడుక మనిషైతే మెట్టే దిగనిచ్చేవాడు కాదు, గుమాస్తాని పంపి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టించేవాడు. ఏళ్ళ తరబడి వచ్చిన మనిషి అలిగి వెళ్ళిపోతే ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినేవాళ్ళు కాదు.

ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి నా రోజు ఎలా గడుస్తోందని అడిగింది. బాగా లేదని చెప్పి, వాన గురించి, ఆఖరి నుంచి మూడో స్థానం గురించి, మేం వస్తున్న ఏళ్ళ గురించి చెప్పాను. పాత ధరకిస్తే ఇప్పుడే కార్డు నంబరు చదువుతానన్నాను.

"సారీ అండి, ధరలు నా చేతిలో ఉండవు."

"మీ పైవాళ్ళని అడగండి. నేను లైన్లో ఉంటాను."

"అందరికీ అదే ధరండి."

"అయితే మాకొద్దు," అన్నాను. మెట్టు దిగాను.

ఇక్కడ అవతలివాడు ఒక నిట్టూర్పు విడిచి, సరే మీ మాటా కాదు నా మాటా కాదు అనాలి. ఆ అమ్మాయి "నో వరీస్" అంది. కీబోర్డు టకటకలాడింది.

"రెండు సీట్లూ వదిలేస్తున్నట్టేనా?"

"అవును." గొంతులో వణుకు లేకుండా అన్నాను. మా నాన్న వింటే మెచ్చుకునేవాడు.

"అయిపోయిందండి. ఇంకేమైనా సాయం కావాలా?"

సాయంత్రం ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి లంచ్ డబ్బా సింకులో పెడుతూ అడిగింది, "ఫుటీ డబ్బు కట్టేశారా?"

"బేరంలో ఉంది."

ట్యాపు కట్టేసింది. "ఎవరితో బేరం?"

"క్లబ్బుతో. వద్దని చెప్పాను. వాళ్ళే పిలుస్తారు చూడు."

"ఏమండీ, అది మీ నాన్నగారి కొట్టు కాదు."

"కొట్టు ఏదైనా కొట్టే. నువ్వు బడిపంతులుగారి కూతురివి, నీకు ఫిక్స్‌డ్ రేటు తప్ప తెలియదు."

"వెయిటింగ్ లిస్టులో జనం ఉన్నారు. వాళ్ళు మిమ్మల్నెందుకు పిలుస్తారు?"

"ఇన్నేళ్ళ వాడుక," అన్నాను.

ఆ తరవాత ఫోన్ ఎక్కడికి వెళ్తే అక్కడికి తీసుకెళ్ళాను. స్నానాల గదిలో కూడా పొడి తువ్వాలు మీద పెట్టుకున్నాను. కప్పు మీద సోలార్ పలకలు పెట్టించమని ఒకడు చేశాడు. వాడు నాతో మాట్లాడుతూనే మూడుసార్లు తగ్గాడు. వాడు మనిషి. క్లబ్బు నుంచి వచ్చింది ఒక ఈమెయిల్, మిమ్మల్ని కోల్పోతున్నందుకు బాధగా ఉందని. బాధపడుతున్నవాడు కింద ఒక సర్వే పెట్టాడు, మా సేవల్ని మీ మిత్రులకి ఎంతవరకు సిఫారసు చేస్తారని.

పౌరుషం చంపుకుని నేనే ఫోన్ చేశాను. ఈసారి వేరే అమ్మాయి, అదే తేనె గొంతు. సరే, మీ ధరకే తీసుకుంటానన్నాను. నా జీవితంలో ఆ వాక్యం అనడం అదే మొదలు.

"ఆ సీట్లు వెయిటింగ్ లిస్టులో వాళ్ళకి వెళ్ళిపోయాయండి. వాళ్ళు చాలా సంతోషించారు," అంది, నేనూ సంతోషిస్తాననుకుని.

పక్కపక్కన రెండు సీట్లు ఇప్పట్లో లేవట. మూల స్టాండులో ఒంటి సీటు ఒకటుంది. అదీ ప్రీమియమే. నేను మానేశాను కాబట్టి ఇప్పుడు కొత్త సభ్యుణ్ణి, చేరిక రుసుం అదనం. రెండో మనిషి లిస్టులో నిలబడచ్చు. నిలబడటానికి ఏడాదికింతని కట్టాలి.

"నిలబడటానికా?"

"అవునండి."

"నిలబడేది నేను. కాళ్ళు నావి."

"అర్థమైందండి," అంది. వాళ్ళకి అన్నీ అర్థమవుతాయి. దుకాణం బయట నిలబడ్డవాడి దగ్గర అద్దె వసూలు చేసే వ్యాపారం మా బజారు మొత్తంలో ఎవడికీ తట్టలేదు. ఆ లిస్టు మీద నా పేరు రాయనని చెప్పి పెట్టేశాను.

ఆవిడకి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. వార్డు గొంతుతో అంది, "ఆ ఒక్కటీ తీసుకోండి. నా పేరు మీద. నా కార్డుతో. మీరు ఫోన్ చెయ్యకండి, నేనే చేస్తాను."

మార్చిలో మొదటి మ్యాచ్‌కి ఆవిణ్ణి స్టేషన్‌లో దింపాను. పులిహోర చిన్న డబ్బాలో పెట్టుకుంది. ఇంటికొచ్చి టీవీ పెట్టుకుని, ఎవరూ వినని తిట్లు నాలుగు తిట్టాను. రెండో క్వార్టర్‌లో ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. మూల స్టాండు నుంచి జూమ్ చేసి తీసింది, మసగ్గా ఉంది. మా ముసలావిడ కూర్చుని ఉంది, పక్కన మా కుర్చీలు రెండూ ఖాళీ. అంత సంతోషించినవాళ్ళు రానే లేదు.

"వెళ్ళి కూర్చో," అని మెసేజ్ కొట్టాను.

ఆట అయ్యాక స్టేషన్‌కి వెళ్ళి తీసుకొచ్చాను. కార్లో ఎదర అద్దంలోంచి రోడ్డు చూస్తూ చెప్పింది. హాఫ్ టైమ్‌కి వెళ్ళి కూర్చుందట. ముసలావిడ చెయ్యి పట్టుకుని వదల్లేదట. కాసేపటికి ఒక కుర్రాడు స్కానర్ పట్టుకుని వచ్చి టికెట్ చూపించమన్నాడు.

"ఖాళీగా ఉంటే వాడికేం?" అన్నాను.

"ఆవిడ అదే అడిగింది. ఈ పిల్ల ఇక్కడే కూర్చుంటుంది, నువ్వు బళ్ళో ఉన్నప్పటి నుంచి అంది. వాడు సారీ చెప్పాడు. చాలా మర్యాదగా లేపాడు. నేను లేచాను."

"నేనుంటేనా..."

"మీరు ఉంటే ఏం చేసేవారు? బేరమాడేవారు."

ఎర్ర లైటు దగ్గర ఆగాం. గెలిచారు కదా, బాగా అరిచావా అన్నాను.

"అరవలేదు."

"ఎందుకు?"

"ఏమో. అరవబుద్ధి కాలేదు."

వారంలో వార్డులో ఏం జరిగిందో చెప్పలేదు. నేను అడిగితే, ఏమీ లేదంది. చిన్న డబ్బా మూత తియ్యకుండానే తిరిగొచ్చింది.

ఆవిడ పడుకున్నాక క్లబ్బు వెబ్‌సైట్ తెరిచాను. వెయిటింగ్ లిస్టు పేజీలో ఒక కుటుంబం ఫొటో ఉంది, అందరూ నవ్వుతున్నారు, ఒక్కడూ నిలబడి లేడు. వాళ్ళని తిడుతూ పేరు రాశాను. తిడుతూ కార్డు నంబరు కొట్టాను. రాయితీ కోడ్ ఉంటే ఇక్కడ రాయండి అన్న గడి ఖాళీగా వదిలేశాను. లిస్టులో నా ముందు ఎంతమంది ఉన్నారో తెలుసుకుందామని వెతికాను. ఎక్కడా లేదు. మర్నాడు ఫోన్ చేసి అడిగితే, ఆ వివరం చెప్పే పద్ధతి లేదండి అంది అమ్మాయి.

ఎన్నేళ్ళకో తెలియదు, వస్తుందో రాదో తెలియదు, డబ్బు మాత్రం ప్రతి అక్టోబరులో వాళ్ళే తీసుకుంటారు. అడిగినంతా కడతాను. ఆ మూల స్టాండులో ఆవిడ పక్క సీటువాడు ఎవడో గానీ, రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ, వాడు ఇంకో జట్టుకి మారి సీటు వదిలెయ్యాలని కోరుకుంటున్నాను.