ట్యాంకులో కుంకుమ

నమ్మినవాళ్లే నట్టేట ముంచుతారని మా అమ్మ అంటుంటే చాదస్తం అనుకునేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌ ల్యాబులో అక్క చూపించేదాకా నాకు తెలిసిరాలేదు. సొంత అక్క కాదు, మా ఇంచార్జి. ఇద్దరివీ నల్గొండ వైపు ఊళ్లే. మాది చర్చికి పోయే ఇల్లు, ఆమెది పూజల ఇల్లు. అయినా మధ్యాహ్నం ఒకే డబ్బాలో తినేవాళ్లం.

ఫ్లో సైటోమీటరు నా చేతికింద ఉండేది. సన్నటి ఉప్పునీటి ధారలో రక్తకణాలు ఒక్కొక్కటిగా లేజరు ముందు నుంచి పోతుంటే లెక్కపెట్టే యంత్రం అది. వచ్చిన కొత్తలో ముట్టుకోవడానికే భయపడ్డాను. తర్వాత దాని చప్పుడు విని బాగుందో లేదో చెప్పేదాన్ని. నాదని గర్వంగా చెప్పుకునే పని నా బతుకులో అదొక్కటే.

తెలంగాణ ఉద్యమం రోజులు. అరవైతొమ్మిది గొడవలు మా నాయన చెప్తే విన్నాను, ఇవి కళ్లారా చూశాను. ఆ యేడు దసరాకు అక్క ఆయుధపూజ చేసి, యంత్రానికి బొట్లు పెట్టింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి, ఆమె ఇచ్చిన కొబ్బరిముక్క తిన్నాను.

పండుగ మర్నాడు బస్సులు బంద్. ఎల్బీ నగర్ నుంచి నడిచొచ్చి యంత్రం ఆన్ చేస్తే కణాలు రావడమే లేదు. బంద్‌లో రాలేనని ఇంజనీరు చేతులెత్తేశాడు. ల్యాబు నడిపే సార్ అగ్గిమీద గుగ్గిలం.

"శాంపిల్ వడగట్టకుండా పెట్టుంటావు, గడ్డ అడ్డం పడింది. నీ తప్పని తేలితే ఇంక ఈ మెషీన్ ముట్టుకోవద్దు."

వడగట్టకుండా నేనెప్పుడూ పెట్టలేదు. శాంపిల్ పీల్చే సూదిని కడిగాను, బ్లీచ్ నీళ్లు పోనిచ్చాను, గాలిబుడగలు తీశాను. ఊహూఁ! చివరికి శాంపిలే లేకుండా ఉత్త ఉప్పునీళ్లు నడిపాను. అప్పుడూ ధార సరిగా రాలేదు. అంటే అడ్డం శాంపిల్ దారిలో లేదు, ఉప్పునీళ్ల ట్యాంకు వైపుంది! అక్కడి ఫిల్టరు ఊడదీస్తే ఎర్రగా ఉంది. ట్యాంకు మూత లోపల కూడా కుంకుమే.

బతికిపోయాననుకుని ఫిల్టరు పట్టుకుని ముందు అక్క దగ్గరికే ఉరికాను.

"లోపల గూడ సల్లగుండాల్నని కుంకుమనీళ్లు జర పోసిన," అంది, మొహం పాలిపోయి. "ఇటియ్యి, నేన్ చూస్కుంట."

ఇచ్చాను. ఆమె కొత్త ఫిల్టరు బిగించి, ట్యాంకు కడిగి, పాతదాన్ని చెత్తబండిలో వేయించింది. యంత్రం నడిచింది. ఏమైందని సార్ అడిగాడు. చెప్తుంది కదా అని అక్క మొహం వంకే చూశాను.

"గీ పిల్ల వడగట్టలే సార్. నేనే సాఫ్ జేసిన."

"అక్కా! కుంకుమ..."

"సూడుండ్రి సార్, పూజంటే పడది గామెకు."

ఛీ! తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. నా డబ్బాలో అన్నం తిన్న నోరే అది. సార్ నన్ను రక్తం తీసే కౌంటరుకు మార్చేశాడు.

మరుసటి దసరా వెళ్లాక అక్క నా కౌంటరుకొచ్చింది.

"చెల్లె, మళ్ల జామైంది. జర ఒచ్చి సూడవా?"

"ఎందుకైందో సార్‌కు చెప్పు. ఒస్త."

"సరే," అని పోయింది.

పిచ్చిదాన్ని, మళ్లీ నమ్మాను. చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు తొడుక్కుని, ఎప్పుడు పిలుస్తారా అని కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. బతిమాలినా నేను రానన్నానని సార్‌తో చెప్పిందట.